యశోద ఫోన్‌లో పోని ఆటలు

మా జూలూరుపాడు అడవి అంచున కరువు పనికి, అదే ఉపాధి హామీ పనికి, వెళ్లే ఇరవై రెండు మందికి యశోద మేట్, పనికి పెద్ద. కందకాలకు కొలతలు పెట్టడం, తగాదాలు తీర్చడం ఆమెకు మంచినీళ్లు తాగినంత సులువు. పోయిన వేసవిలో కొన్న ఫోనొక్కటే ఆమె మాట వినదు.

కొన్ననాటికే అందులో పేకాట, కారు పందేలు, బట్టల దుకాణాలు కాపురం పెట్టి ఉన్నాయి. ఆమె వాటిని పిలవలేదు. పొమ్మంటే పోవు. ఫోన్ అమ్మిన దుకాణంవాణ్ని అడిగితే, "అవి కంపెనీ నుంచే వస్తయక్కా, మనం తియ్యలేం" అన్నాడు. కొన్నది మనం, పెత్తనం వాళ్లది. ఇదెక్కడి న్యాయమో నాకైతే ఒళ్లు మండుతుంది.

పనిచోట సిగ్నల్ ఉండదు. యశోద రోజూ కూలీలను వరుసగా నిలబెట్టి హాజరు యాప్‌లో ఫోటో తీస్తుంది. సాయంత్రం ఊళ్లోకి వచ్చాక పంపుతుంది. ఫోటో చేరకపోతే ఆ రోజు వాళ్లు పని చేసినట్టే కాదు. ఒక వారం గాలివానకు ఊళ్లో టవరు కూడా పాడైంది. మూడు రోజుల హాజరు ఫోన్‌లోనే ఉండిపోయింది.

నాలుగో రోజు పొద్దున అందరూ వరుసలో నిలబడ్డాక ఫోన్‌లో జాగా లేదని వచ్చింది. యశోద తన పిల్లల ఫోటోలన్నీ తీసేసింది. అయినా చాల్లేదు. పదకొండులోపు ఫోటో పడాలి. సరిగ్గా అప్పుడే, ఫోన్‌తోపాటు వచ్చిన శుభ్రం చేసే యాప్ ఒకటి తెర నిండా పరుచుకుని, చెత్త తీసెయ్యాలా అని అడిగింది. చెత్తంటే ఆ ఆటలే అనుకుంది పిచ్చితల్లి. అవునని నొక్కింది.

ఆటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. హాజరు యాప్ తెరిస్తే పంపాల్సిన ఫోటోలు సున్నా.

యశోద గట్టు మీద కూలబడింది.

"ఏందక్కా, ఏమైంది?" అన్నాడు కూలీల్లో ఒకడైన బొజ్జయ్య.

"మూడు దినాల మీ హాజరు పోయింది. నా చేతులతోనే పోగొట్టిన" అని ఏడ్చింది.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆమె తర్వాత నాతో అన్నది. అందరిలోకీ పెద్దదైన వెంకమ్మ తట్ట కింద పెట్టి దగ్గరికొచ్చింది.

"ఏడ్వకు బిడ్డా. మొదాలు మంగళారం కట్టిన చీరలే రేపు కట్టుకొని వస్తం, కడమ రెండు దినాలయి ఆ తర్వాత. గట్లనే నిలబడతం. మళ్ల తియ్యి."

"అవ్, గదే మంచిది" అన్నారు మిగతావాళ్లు. "నాది ఇయ్యాలనే ఉతికిన, పొద్దుగాలకి ఆరుతది" అందొకామె.

ఫోటోతోపాటు తీసిన రోజు తారీఖు కూడా పడుతుందని యశోద చెప్పబోయింది. అది మానుకుని, కళ్లు తుడుచుకుని లేచి ఆ రోజు ఫోటో తీసింది.

మర్నాడు ఇరవై రెండు మందీ మంగళవారం నాటి బట్టల్లోనే వచ్చారు. ఎవరి పక్కన ఎవరున్నారో గుర్తు చేసుకుని మరీ వరుసలో నిలబడ్డారు. యశోద ఫోన్ ఎత్తి పట్టుకుంది.