వట్టి "సరే" ఒప్పుకోని మనిషి

గోదాము మంటల్లో ఒక ఫైర్‌మన్ చనిపోయాడు. మా వైర్‌లెస్ ఆపరేటర్ బాబాయ్ అతనికి "బయటికి వచ్చెయ్" అని చెప్పనేలేదని రిపోర్టు రాసి, పై అధికారి ఆయన ప్రమోషన్ ఆపించాడు. కానీ బాబాయ్ చెప్పాడు, కంట్రోల్ రూములో నేనూ విన్నాను. అప్పటినుంచి ఆయన ఎవరి "సరే"నూ నమ్మడు. మైకులో "ఎవరు నువ్వు? నేనన్నది తిరిగి చెప్పు" అని, బటన్ వదిలి, కళ్లు మూసుకుని వింటాడు. "మా చిలక బాబాయ్" అని కుర్రాళ్ల వెక్కిరింత. మొన్న నూలు మిల్లు మంటల్లో కప్పు కుంగుతోందని, లోపలున్న నలుగురు ఫైర్‌మన్లను బయటికి రమ్మన్నాడు. "సరే" అని వినిపించింది. ఎవరని ఆరా తీస్తే, అన్నది బయటున్న ఫైరింజన్ డ్రైవరు! లోపలివాళ్లలో ఒకడు విసుక్కుంటూ తిరిగి చెప్పేదాకా పిలుస్తూనే ఉన్నాడు. నలుగురూ గేటు దాటాక కప్పు కూలింది. చివరిసారి కలిసినప్పుడు, "ఇప్పుడైనా ఆ నింద మీద అర్జీ పెట్టు బాబాయ్, ఆ రోజు నువ్వు చెప్పావుగా" అన్నాను. ఆయన హెడ్‌ఫోను తుడుస్తూ అన్నాడు: "చెప్పానురా. వాడు విన్నాడో లేదో అడగలేదు."