సగం గ్లాసు చాయ్

జగిత్యాలలో తెలిసినవాళ్లు చూస్తారని, తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగుకు సిరిసిల్ల దాకా వెళ్లాను. అక్కడ పేర్లు అడగరు. చాయ్ పోసే పెద్దాయన ఒకప్పుడు మరమగ్గాలు నడిపినవాడని మాత్రం తెలిసింది. అందరికీ నిండుగా పోసి, నాకు సగం గ్లాసే ఇచ్చాడు. మొదటిరోజే ఇంత చిన్నచూపా అని మనసు చివుక్కుమంది. తర్వాతి వారాల్లోనూ అంతే. ఉండబట్టలేక అడిగేశాను.

"నీ చేతులు వణుకుతున్నయి గదా తమ్మీ. నిండ పోస్తె ఒలుకుతది, అందరి ముంగట సిగ్గుపడుతవు. నాకు గూడ మొదట్ల గిట్లనే పోసిండ్రు," అన్నాడు మెల్లగా.

కొన్నాళ్లకు ఒక మీటింగులో గ్లాసు అంచుదాకా పోసి నా చేతికిచ్చాడు. పక్కాయనతో ఏదో మాట్లాడుతున్నాడు గానీ, కళ్లు నా వేళ్ల మీదే ఉన్నాయి. చుక్క కూడా ఒలకలేదు.

"శక్కర సరిపోయిందా తమ్మీ?" అన్నాడు.