అదిమి పట్టిన అయస్కాంతం

మా ఇంట్లో తలుపు పక్క మేకుకు వేలాడే తాళాల గుత్తి తాళాలు తీయడానికి కాదు, నా కూతురికి మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో పెట్టడానికి. పిల్ల కింద పడి కొట్టుకుంటుంటే మా అత్త దాని పిడికిట్లో ఇనుము పెట్టి, పైన తన రెండు చేతులూ మూసేది. "వదలొద్దే, వదిలితే మళ్లా ఎక్కుతాది" అనేది. పిల్లకు ఆరేళ్లప్పటి నుంచీ అంతే. ఇనుముతో ఏమీ కాదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. కానీ పట్టుకోవడానికి మాకూ ఏదో ఒకటి ఉండాలి కదా.

ఒక మాత్ర నాలుగు మాత్రలైంది. మూర్ఛ మాత్రం తగ్గలేదు. పిల్లకు పంతొమ్మిదేళ్లు వచ్చాక బెంగళూరులో ఆపరేషన్ చేశారు. ఎడమవైపు ఎద పైన, చర్మం కింద చిన్న పెట్టె పెట్టి, దాని తీగను మెడలోని నరానికి చుట్టారు. కొన్ని నిమిషాలకొకసారి అది నరాన్ని తడుతుంది. తట్టినప్పుడు పిల్ల గొంతు బొంగురుపోతుంది.

"లోపల ఎవురో మొగోడు మాట్లాడతా ఉండాడే" అని వాళ్ల నాన్న ఏడిపించేవాడు.

"నీ అల్లుడే నాయనా, మర్యాదగా మాట్లాడు" అనేది అది.

దానికి ఉన్నది ఒకటే కోరిక. మా ఊరు అదియమాన్‌కోట్టైలో బస్సెక్కి ధర్మపురిలో కుట్టు క్లాసుకు ఒక్కతే పోవాలని. రోజూ పక్క సీట్లో నేనుండేదాన్ని.

ఆసుపత్రిలో ఒక అయస్కాంతం కూడా ఇచ్చారు. మూర్ఛ వస్తోందని తెలియగానే పెట్టె మీదుగా ఒకసారి జరిపి తీసేస్తే, పెట్టె నరాన్ని ఇంకోసారి తడుతుంది. "ఒకటి అని లెక్కపెట్టి తీసేయాలమ్మా" అని, మాది తమిళ వైపని నర్సమ్మ తమిళంలో చెప్పిన తీరు ఇప్పటికీ నా చెవిలో ఉంది. చెవిలో ఉంది కానీ, చేతికి రాలేదు.

ఆపరేషన్ తరువాత తొలిసారి మూర్ఛ చామంతి తోటలో వచ్చింది. పూలు కోస్తూ కోస్తూ పిల్ల పక్కకు ఒరిగింది. కొంగున కట్టుకున్న అయస్కాంతం తీసి ఎద మీద పెట్టాను. "గట్టిగా పట్టుకో!" అని గట్టు మీద నుంచి అత్త కేక. పిల్ల ఒళ్లు సడలేదాకా అదిమి పట్టుకున్నాను. ఆ తరువాత వచ్చిన ప్రతిసారీ అలాగే పట్టుకున్నాను.

ఐదు నెలలకు మళ్లీ చూపించడానికి వెళ్తే, ఎలా వాడుతున్నారో చేసి చూపించమన్నాడు డాక్టరు. చేశాను. ఆయన చూస్తూ ఉన్నాడు. నేను చెయ్యి తీయలేదు.

"ఎంతసేపమ్మా అలా?"

"దిగేదాకా సార్."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా చెప్పాడు, పెట్టె మీద అయస్కాంతం ఉన్నంతసేపూ అది పనిచేయదని, ఎత్తితేనే తడుతుందని. పిల్లకు అవసరమైనప్పుడల్లా నా చేత్తో నేనే దాన్ని ఆపేశాను.

తిరుగు బస్సులో "నాకు తెలవదు పాపా" అన్నాను.

"నాకు మాత్రం ఏం తెలుసు? ఆ టైములో నేను ఉంటినా?" అని నవ్వి, నా భుజం మీద తల పెట్టుకుంది.

అత్తకు చెబితే నమ్మలేదు. "బిడ్డ కొట్టుకుంటా ఉంటే చెయ్యి తీసేదెట్లే?"

పోయిన వారం మా ఆయన టమాటాలతో కారిమంగళం సంతకు పోయిన పొద్దున మళ్లీ మూర్ఛ వచ్చింది. అయస్కాంతం జరిపాను, ఒకటి అన్నాను, ఎత్తేశాను. పిల్లను పక్కకు తిప్పి తల కింద చీర మడిచి పెట్టాను. మూర్ఛ ఆగలేదు. అత్త గుత్తి పట్టుకొచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టేసరికి తాళాలన్నీ టక్కున నా చేతిలోని అయస్కాంతానికి అతుక్కున్నాయి. ఆమె లాగినా రాలేదు. ఆ గుత్తిని చెరో వైపు పట్టుకుని, ఇద్దరం పిల్లను చూస్తూ కూర్చున్నాం. చేయడానికి ఇంకేమీ లేదు.

చాలాసేపటికి పిల్ల కళ్లు తెరిచింది. "పట్టుకుంటివా అమ్మా?"

"లేదు పాపా. వదిలేసినా."

"ఆగిందా మరి?"

నేను కొంగుతో దాని నోటి పక్క నురగ తుడిచాను. అది కాసేపు నా మొహం చూసి, బొంగురు గొంతుతో అడిగింది.

"అయితే సోమవారం బస్సుకు నువ్వూ వస్తావా?"

"వస్తాలే" అన్నాను.