ఎడమవైపు సౌండు

నేను హెడ్‌ఫోన్స్ కొంటానంటే మా ఆయన నవ్వారు. "ఆ ధరకి వాషింగ్ మెషీన్ వస్తుందే," అన్నారు. "వాషింగ్ మెషీన్ సొప్రానోకీ ఆల్టోకీ తేడా చెప్పదు కదండీ," అన్నాను. నాతో వాదన పెట్టుకుంటే టీ ఆలస్యమవుతుందని ఆయనకి తెలుసు. పేపర్లో తల దూర్చేశారు.

నేను సరదాకి కొంటానన్నది కాదు. తెనాలిలో మా చర్చి క్వయర్‌కి పాటలు నేర్పేది నేను. మావి నాలుగు గొంతుల పాటలు. ఆడవాళ్ళలో పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో. మగవాళ్ళలో టెనర్, బేస్. నాలుగు గొంతులూ నాలుగు దారుల్లో నడుస్తూ ఒక పాటగా వినపడాలి. వెనకటికి అందరం ఒకచోట కూర్చుని నేర్చుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరికీ తీరిక లేదు. ఒకామె నందివెలుగు బడిలో, ఒకాయన రేపల్లె రైల్లో, ఇంకొకామె కుట్టుమిషన్ దగ్గర. అందుకని ఆడగొంతులు రెండూ నేనే పాడి, మగగొంతులు కీబోర్డు మీద వాయించి, అన్నిటినీ ఫోన్లో ఒకదాని మీద ఒకటి పేర్చి వాట్సాప్ గ్రూపులో పెడతాను. సొప్రానో ఎడమ చెవిలో, ఆల్టో కుడి చెవిలో వచ్చేట్టు పేరుస్తాను. తన గొంతు ఒక చెవిలో, పక్కామె గొంతు ఇంకో చెవిలో వింటూ పనుల మధ్యే నేర్చేసుకుంటారు. ఆదివారం ఆరాధన అయ్యాక కలిసి పాడితే ఒక్కోసారి మొదటి విడతలోనే పాట కుదిరిపోతుంది.

ఆ రికార్డింగుల మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. "ఆంటీ, సొప్రానో చెవులు బద్దలు కొడుతోందండి. ఆల్టో అసలు వినపడట్లేదు," అంది ఒకమ్మాయి. సౌండు తగ్గించుకోమన్నాను. తర్వాతి పాటకి ఇంకొకరు అదే మాట అన్నారు. బజార్లో బుట్టలో పోసి అమ్మే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నా పాటకి వంకలు పెడతారా అని ఒంటికాలి మీద లేచాను. ఇంటికొచ్చాక చూస్తే నావీ ఏమంత గొప్పవి కావు, ఏనాడో ఫోన్‌తో పాటు వచ్చినవే. అవే నన్ను మోసం చేస్తున్నాయి, మంచివి కొంటే అన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను.

కొనేముందు సెలవు రోజుల్లో కూర్చుని వీడియోలు చూశాను. ఒకతను హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు తలాడించి, "వేరే లెవెల్" అంటాడు. ఏం విన్నాడో చెప్పడు. ఇంకొకతను డబ్బా విప్పడానికే సగం వీడియో తింటాడు. వాళ్ళని తిట్టుకుంటూనే కొంత నేర్చుకున్నాను. దబదబమని మోగేవి నాకు పనికిరావు. అవి అన్ని పాటలకీ ఒకటే తాలింపు పెట్టేస్తాయి. బయటి చప్పుళ్ళని మింగేసేవి విమానాలెక్కేవాళ్ళకి అవసరమేమో, మా వీధికి అక్కర్లేదు. చెవి మొత్తాన్ని కప్పేవి, వైరున్నవి, పాడింది పాడినట్టు వినిపించేవి కావాలి. అలాంటివేమో ఖరీదు. ధర పెరిగేకొద్దీ సౌండు నిజంగా పెరుగుతుందా, డబ్బా అందమే పెరుగుతుందా అన్నది మాత్రం ఏ వీడియోలోనూ తేలలేదు.

తెనాలి బజార్లో ఒక షాపతను పెట్టుకుని చూడనిచ్చాడు. నా ఫోన్లో నా రికార్డింగే పెట్టాను. నిజం చెప్పాలి, ఒళ్ళు జలదరించింది. పాటకి ముందు నేను తీసుకున్న ఊపిరి వినపడింది. వెనక మా వంటింట్లో కుక్కర్ విజిల్ వినపడింది. ఎన్నిసార్లు విన్న పాటో అది, అందులో కుక్కర్ ఉందని నాకు తెలియనే తెలియదు. ఖరీదుకి తగ్గ సరుకే అని తెచ్చుకున్నాను.

ఇంట్లో వేరేవాళ్ళ క్వయర్ పాటలు పెట్టుకుని నిదానంగా వింటే ఎడమవైపు పలచగా ఉంది. కుడివైపు పాట ఎదురుగా నిలబడి పాడుతున్నట్టుంటే, ఎడమవైపు తలుపవతల నుంచి వస్తున్నట్టుంది. మా ఆయనకిచ్చాను. పెట్టుకుని, "రెండు వైపులా బానే ఉందే," అన్నారు. "మీ చెవులకేం తెలుసండీ," అని మర్నాడే షాపుకి పట్టుకెళ్ళాను. అతను మారుమాట్లాడకుండా కొత్తది ఇచ్చాడు. దానికీ అదే జబ్బు. మళ్ళీ వెళ్ళాను. ఈసారి షాపతనే తన ఫోన్లో పాట పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"సమానంగానే వస్తోందక్కా."

"రోజంతా రోడ్డు మీద హారన్లు వినే చెవులు మీవి. మీకెక్కడ తెలుస్తుంది?" అన్నాను.

అతను నవ్వేసి, ఇంకాస్త డబ్బు కట్టించుకుని, ఇంకో కంపెనీవి, అంతకంటే ఖరీదైనవి చేతిలో పెట్టాడు. షాపులోనే పెట్టుకున్నాను. కుడివైపు ఇంకా బావుంది. ఎడమవైపు అదే తలుపు, అదే అవతల. అతను నా ముఖంలోకి చూస్తూ, "ఎలా ఉందక్కా?" అన్నాడు. అప్పుడు భయం వేసింది. "చాలా బావుందండి," అని బిల్లు కూడా తీసుకోకుండా వచ్చేశాను.

ఆ రోజు నుంచి నా మీద నేనే నిఘా పెట్టుకున్నాను. నేను బాపట్లలో ఒక స్కూల్లో లెక్కల టీచర్ని. రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్ళొస్తాను. స్టాఫ్ రూములో నా కుర్చీ ఎడమవైపు గోడకి ఆనుకుని ఉంటుంది. గాలి బాగా వస్తుందని ఆ చోటు నేనే పట్టుబట్టి తీసుకున్నాను. అది గాలి కోసం కాదని ఇప్పుడు అర్థమైంది. రైల్లో స్నేహితురాలిని కుడిపక్కన కూర్చోబెట్టుకుంటాను. ఫోను ఎప్పుడూ కుడి చెవికే వెళుతుంది. క్లాసులో ఎడమ వరస పిల్లలు "టీచర్, టీచర్" అని లేచి నిలబడితే గానీ నేను తిరగను. వాళ్ళు నన్ను కోపిష్టిదాన్ని అనుకుంటున్నారో, చెవిటిదాన్ని అనుకుంటున్నారో! బాపట్ల ప్లాట్‌ఫామ్ మీద రైలు ఏ లైనులోకి వస్తుందో మైకులో చెబుతుంటే, నాకు తెలియకుండానే తల పక్కకి తిప్పి వింటున్నాను. అలా తిప్పే మనిషిని నాకు బాగా తెలుసు. మా అక్క.

రేపల్లెలో ఉండే మా అక్కకి నా వయసులోనే వినికిడి తగ్గడం మొదలైంది. ఒకప్పుడు అక్క నాకంటే బాగా పాడేది. ఇప్పుడు చర్చిలో అందరికంటే ఒక్క మాట వెనకాల, స్వరం పక్కన స్వరం పడుతూ, గట్టిగా పాడుతుంది. ఎవరూ ఏమీ అనరు. పెద్దామె, పైగా దేవుడి పాట, ఎవరంటారు? ముందు వరసలో పిల్లలు మాత్రం ఒకరినొకరు గిల్లుకుంటారు. నాకు పాట పోతుందన్న భయం కంటే ఈ భయం పెద్దదైపోయింది. నేను శ్రుతి తప్పినా నాకు ఎవరూ చెప్పరు. నేనిచ్చే శ్రుతి పట్టుకునే కదా అందరూ పాట ఎత్తుకునేది. ప్రాక్టీసులో ఎవరైనా ఒకరినొకరు చూసుకుంటే నా గురించేననుకునేదాన్ని. ఒకమ్మాయి ఎందుకో నవ్వితే పాట మధ్యలో ఆపేసి ఇంటికొచ్చేశాను.

ఒక శనివారం హెడ్‌ఫోన్స్ సంచిలో వేసుకుని రేపల్లె వెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానో నాకే సరిగ్గా తెలియదు. భోజనాలయ్యాక బయటికి తీశాను. అక్క అటూ ఇటూ తిప్పి చూసి, మెత్తలు నొక్కి చూసి, ఎంతైందని అడిగింది. చెబితే, "నీకేమన్నా మతిపోయిందా!" అంది.

"మంచివేనే అక్కా. కాకపోతే ఎడమవైపు సౌండు తక్కువ. రెండు సార్లు మార్పించాను."

"ఏంటీ?"

గట్టిగా మళ్ళీ చెప్పాను. అక్క హెడ్‌ఫోన్స్ కింద పెట్టేసింది.

"నేనూ ఇలాగే ఫోను పాడైందని రెండు ఫోన్లు మార్చానే. టీవీవాణ్ణి పిలిచి పోట్లాడాను. తిరగేసి పెట్టుకుని చూశావా?"

"తిరగేసి అంటే?"

"కుడిది ఎడమకి, ఎడమది కుడికి. సౌండు తక్కువ కుడిచెవికొస్తే వస్తువుది తప్పు. ఎడమచెవిలోనే ఉండిపోతే..."

లెక్కల టీచర్ని నేను. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదంటే ఎవరూ నమ్మరు. తట్టింది. షాపులోనే తట్టింది. తట్టిన ప్రతిసారీ ఏదో ఒక పని కల్పించుకుని లేచిపోయాను.

"ఇప్పుడే పెట్టుకో, నా ముందు," అంది అక్క.

"రైలుకి టైమైందక్కా," అన్నాను. టైము కాలేదు. స్టేషన్‌లో చాలాసేపు ఊరికే కూర్చోవాల్సి వచ్చింది.

రైలు కదిలాక కిటికీ పక్కన కూర్చున్నాను. పెట్టెలో జనం పలచగా ఉన్నారు. సంచి ఒళ్ళో ఉంది. భట్టిప్రోలు దాటేదాకా దాని జిప్పు మీదే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. వేమూరు వచ్చింది, వెళ్ళింది. ఇంటికెళితే ఈ పని చేయలేనని తెలుసు. ఇంట్లో మా ఆయన నా ముఖం చదివేస్తారు. జంపని దగ్గర రైలు ఆగినప్పుడు, ఇక ఉండబట్టలేక, తిరగేసి తగిలించుకుని నా రికార్డింగే నొక్కాను.

కుడి చెవిలో నా సొప్రానో పేలింది. నిజంగా చెవి బద్దలైనంత పనైంది. ఉలిక్కిపడి లాగేశాను. ఎదుటి సీట్లో ఆమె, "ఏంటమ్మా, షాక్ కొట్టిందా?" అంది. లేదండీ అన్నాను. ఇన్నాళ్ళూ మా క్వయర్ పిల్లలు మొత్తుకుంటున్నది ఇదీ! నాకు సమానంగా వినపడటం కోసం ఎడమవైపు సౌండు పెంచుకుంటూ పోయి, వాళ్ళ చెవుల్లోకి ఈ కేకలు పంపాను. సౌండు తగ్గించి మళ్ళీ పెట్టుకున్నాను. ఇప్పుడు ఆల్టో ఎడమ చెవికి రావాలి. ఎక్కడో నీళ్ళకింద గొణుగుతున్నట్టు వచ్చింది. రైలు తెనాలి చేరేసరికి నేను ఏడుస్తున్నాను. ఎదుటామె నా చేతిలో మంచినీళ్ళ సీసా పెట్టింది.

చవక ఇయర్‌ఫోన్స్‌తోనే ఉండిపోతే ఇంకొన్నేళ్ళు నాకు తెలిసేది కాదేమో. ఖరీదైనవి దాచకుండా చెప్పాయి. డబ్బుకి తగిన వస్తువేనా అని ఎవరైనా అడిగితే అవుననే చెప్పాలి. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు, అంతే.

మా ఆయనకి చెప్పాను. నవ్వలేదు. తెలిసిన చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. వెళ్ళే దారిలో స్కూటర్ మీద నేను చేసిన ప్రార్థన ఒక్కటే: గుబిలి అయ్యుండాలి ప్రభువా, గుబిలి గట్టిపడి అడ్డం పడి ఉండాలి. చెవిలో గుబిలి ఉండాలని దేవుణ్ణి వేడుకున్న మనిషిని నేనే అయ్యుంటాను. డాక్టరు లైటు వేసి రెండు చెవులూ చూశారు. "లోపల శుభ్రంగానే ఉందండి," అన్నారు. వినికిడి పరీక్ష చేయించుకోమన్నారు.

పక్కనే చిన్న గది. గోడలకి దళసరి స్పాంజి. ఒకవైపు అద్దం. అద్దం అవతల మిషన్ ముందు ఒకమ్మాయి. నా తలకి హెడ్‌ఫోన్స్ పెట్టింది. ఎరుపు కుడికి, నీలం ఎడమకి. మెత్తలు అరిగిపోయి ఉన్నాయి. "చిన్నగా కూత లాంటి సౌండు వస్తుందమ్మా. ఎంత సన్నగా వినపడినా బటన్ నొక్కండి. ముందు కుడివైపు, తర్వాత ఎడమ," అని చెప్పి తలుపు వేసుకుంది.

కుడివైపు మొదలైంది. కూత, కొంచెం విరామం, మళ్ళీ కూత. ఎంత సన్నగా వచ్చినా పట్టుకున్నాను. ధైర్యం వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి కుడివైపు ఆగిపోయింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఎడమవైపు వచ్చింది. చాలా సన్నగా, దారం పోగులా వచ్చింది. నొక్కాను. విరామం. మళ్ళీ వచ్చింది, నొక్కాను. మళ్ళీ నొక్కాను. వినపడుతోంది! నాకు నవ్వొచ్చింది. ఆ షాపతని పని చెప్తాను, అక్కకి ఫోన్ చేస్తాను, అనుకుంటూ నొక్కుతూనే ఉన్నాను.

తలుపు తెరుచుకుంది.

"అమ్మా, దేనికి నొక్కుతున్నారండీ? ఎడమవైపు ఇంకా మొదలుపెట్టలేదు. కుడివైపుది రాసుకుంటున్నాను."

"నాకు వినిపించిందమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వితే బావుండేది. నవ్వలేదు. "ఒక్కోసారి అలా అనిపిస్తుందండి. ఇప్పుడు పెడతాను. కంగారు పడకుండా, వినపడితేనే నొక్కండి," అని నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది.

ఈసారి కళ్ళు మూసుకోలేదు. అద్దం అవతల ఆమె మీట తిప్పి నావైపు చూసింది. నేను బటన్ పట్టుకుని ఎదురుచూశాను. సౌండు ఇంకాస్త పెంచి మళ్ళీ చూసింది. నేను ఊపిరి కూడా బిగబట్టాను. ఆమె తల వంచుకుని ఇంకా తిప్పుతూనే ఉంది.