బంగారు అంచు డబ్బాలు

ఇది విన్నాక కూడా నన్ను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అంటారో లేదో మీ ఇష్టం. మొన్న శుక్రవారం నుంచి ఆ మాట వింటేనే నాకు సిగ్గేస్తోంది!

విదేశంలో మేముండే హారిస్‌డేల్‌లో, మా అమ్మాయి సహస్ర చదివే స్కూల్లో భాషల పండగ పెట్టారు. పిల్లల ఇళ్లల్లో మాట్లాడే ఒక్కో భాషకీ ఒక్కో బోర్డు. "బోర్డులన్నీ నేను చూసుకుంటా" అని చెయ్యెత్తేశాను. ఎత్తనా మరి! పెళ్లి కార్డుల దగ్గర్నుంచి ఫ్లెక్సీల దాకా సరైన ఫాంటు లేక మన తెలుగు అక్షరాల్ని డబ్బాలు చేసేస్తున్నారని పదేళ్లుగా గొంతు చించుకుంటున్నదాన్ని.

సహస్ర క్లాసులో ఎమ్మా అని కెనడా అమ్మాయి ఉంది. వాళ్లింట్లో అక్కడి మూలవాసుల భాష, క్రీ మాట్లాడతారు. ఎమ్మా అమ్మమ్మ మార్గరెట్ గారు ఈ పండగ కోసమే అంత దూరం నుంచి విమానమెక్కి వచ్చారు. మనవరాలి కోసం తను రాసిన చిన్న కథని బోర్డు మీద చూస్తూ పిల్లలకి చదివి వినిపించాలని ఆవిడ ఆశ. తన భాషని స్కూలు గోడ మీద చూడటం ఎమ్మాకి అదే మొదటిసారి.

కథ నాకు మెయిల్లో వచ్చింది. నా పాత లాప్‌టాప్‌లో తెరిచాను. అబ్బ, ఏం లిపి అండీ! అన్నీ బుల్లి చతురస్రాలు, ఒక్కోదాన్లో సన్నసన్నటి గుర్తులు. క్రీ అక్షరాలు త్రిభుజాల్లా, కొక్కేల్లా ఉంటాయని ఎక్కడో చదివినట్టు గుర్తు. ఇది ఇంకో రకం కాబోలు అనుకున్నా. ఎవరినైనా అడగొచ్చుగా? అడగలేదు. ఇంజినీర్ని కదా!

ఇక ప్రింటింగ్ షాపుకి పంపాలి. మనవాళ్లకో అలవాటుంది చూడండి, టైప్ చేసింది పంపితే అక్షరాలు చెదిరిపోతాయని ఫొటోగా పంపేస్తాం. నేనూ సేఫ్‌గా స్క్రీన్‌షాట్ తీసి పంపా. పెద్దది చేస్తే కాస్త మసకబారింది గానీ ఒక్క డబ్బా కూడా చెదరలేదు. పైగా చుట్టూ బంగారు అంచు వేయించా!

శుక్రవారం పొద్దున మార్గరెట్ గారు ఆ బోర్డు ముందు నిలబడ్డారు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చూస్తున్నారు. మురిసిపోతున్నారేమో అనుకుని దగ్గరికెళ్లాను.

"మీ అక్షరాలు ఎంత నీట్‌గా ఉన్నాయో ఆంటీ!" అన్నాను ఇంగ్లీషులో.

ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఇది ఏ భాష, డియర్?"

ఈలోగా వెనకనుంచి మా సహస్ర: "అమ్మా, దోజ్ ఆర్ జస్ట్ బాక్సెస్! లుక్, నంబర్స్ ఇన్‌సైడ్! నా ఓల్డ్ టాబ్లెట్‌లో మన అమ్మమ్మ తెలుగు మెసేజెస్ లాగే!"

డబ్బాలు! నేను! బంగారు అంచు వేయించి మరీ!

ఎమ్మా బోర్డు వైపు ఒకసారి చూసి అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. అప్పుడు నిజంగా ఏడుపొచ్చేసింది నాకు. పది నిమిషాల్లో పిల్లలంతా వచ్చి కూర్చుంటారు.

వెంటనే ఫోన్లో అదే మెయిల్ తెరిచా. త్రిభుజాలు, కొక్కేలు, అన్నీ బుద్ధిగా ఉన్నాయి! నా పాత లాప్‌టాప్‌లో ఆ లిపి ఫాంటే లేదన్నమాట. "ఆంటీ, బోర్డు తిప్పేద్దాం!" అన్నాను. వెనకవైపంతా తెలుపే. ఆవిడ మార్కర్ అందుకుని గబగబా రాస్తుంటే నేను బోర్డు కదలకుండా పట్టుకున్నా. ఒకే త్రిభుజం పైకి చూస్తే ఒక పలుకు, పక్కకి తిరిగితే ఇంకో పలుకట! ఆఖరి మాట ఎమ్మా చేత రాయించారు. ఆవిడ కథ చదువుతుంటే పిల్లలంతా ముందుకి జరిగి కూర్చున్నారు.

సాయంత్రం మార్గరెట్ గారి నుంచి మెయిల్. భయపడుతూనే ఆ పాత లాప్‌టాప్‌లో తెరిచా. "ధన్యవాదాలు" అని చక్కటి తెలుగులో ఉంది! కింద ఇంగ్లీషులో రెండు ముక్కలు: "మీ భాష నాకు రాదు. అందుకే స్కూల్లోనే మీ అమ్మాయికి చూపించి, సరిగ్గా ఉందా అని అడిగాను."

ఆదివారాలు తెలుగు బడికెళ్లే మా సహస్రని అడిగారట, చూశారా!

అన్నట్టు, ఆఫీసులో నా పనేంటో చెప్పలేదు కదూ? టెస్టింగు. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికే పదిహేనేళ్లుగా నాకు జీతం ఇస్తున్నారు.