మార్చని బ్లేడు

ఆసుపత్రి నేలమాళిగలో, మనుషుల ఒంట్లోంచి తీసిన ముక్కలను పరీక్షించే విభాగంలో, ఆమెను అందరూ మైనం అక్క అనేవారు. అసలు పేరు సెలవు చీటీ మీద చూస్తే తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. శస్త్రచికిత్సలో తీసిన ముక్కను మైనంలో పోసి చిన్న దిమ్మగా చేస్తారు. దాన్ని బ్లాకు అంటారు. ఆ బ్లాకును కోత మిషనుకు బిగించి, వెంట్రుక కన్నా పలచటి పొరలు తీయడం ఆమె పని. పొర తెగేటప్పుడు ఊపిరి బిగబట్టాలి, లేకపోతే పొర కాస్తా ఎగిరి ఏ మూలో పడుతుంది. ఇరవై ఏడేళ్ళు అలా బిగబట్టీ బిగబట్టీ ఆమె మాట్లాడేటప్పుడు కూడా మధ్యమధ్యలో ఆగేది.

పని దగ్గర మాత్రం నోరు మంచిది కాదు. కొత్తగా చేరినవాళ్ళు ఉత్సాహం కొద్దీ బ్లాకును చివరిదాకా కోసేస్తే పదిమందిలో దులిపేసేది. "అడుగు పొర రోగిదమ్మా, నీదీ కాదు నాదీ కాదు. ఎప్పటికైనా ఎవరికో కావాల్సొస్తుంది, ఉంచు" అనేది. ఇరవై ఏడేళ్ళలో ఆమె చేతిలో ఒక్క బ్లాకు పాడవలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నలుగురికీ తెలియాలనీ ఉండేది.

అలాంటి చోటికి ఒక డాక్టరమ్మ వచ్చింది. పొద్దున తిన్నదీ లేనిదీ కూడా గుర్తుండని మనిషి. పాత కాలేయ క్యాన్సరు బ్లాకులు కావాలంది.

"ఇన్నేళ్ళ తర్వాత వాటిలో ఏముంటుందమ్మా?" అని అడిగింది మైనం అక్క.

"జన్యువులు ఉంటాయక్కా. కొందరి కాలేయంలో ఒక వైరస్ పిలవని చుట్టంలా ఏళ్ళ తరబడి తిష్ఠ వేస్తుంది. ఊరికే కూర్చోదు. మన జన్యువుల దారం తెంపి, మధ్యలో తన ముక్క అతికిస్తుంది. ఆ అతుకు పడకూడని చోట పడిందనుకోండి, అక్కడి నుంచే క్యాన్సరు మొదలవుతుంది. ఆ అతుకు ఎవరికి ఎక్కడుందో చదవాలి. మీరు పొరలు కోసివ్వండి చాలు. కానీ బ్లాకు బ్లాకుకీ కొత్త బ్లేడు వేయాలి. ఒకరి నలుసు ఇంకొకరి దాంట్లో పడిందంటే, ఒకరి రోగం ఇంకొకరికి అంటగట్టినట్టే."

జాబితాలో పేర్లు లేవు, అంకెలే. నాలుగో కాగితం మధ్యలో ఒక అంకె దగ్గర మైనం అక్క వేలు ఆగిపోయింది. ఆ అంకె ఆమె తమ్ముడిది; ఇరవై రెండేళ్ళ కిందట అతని కాలేయం ముక్క ఈ విభాగానికే వచ్చింది.

తమ్ముడు బస్సు డ్రైవరు. ముప్పై మూడేళ్ళకు కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. ప్రయాణికుల్లో ఒకడు "తాగి నడుపుతున్నాడు" అన్నాడు, డిపోవాళ్ళు స్టీరింగు లాగేసుకున్నారు. నిప్పు లేనిదే పొగ రాదని తండ్రి తీర్మానించాడు. డిపో వెనక సారా దుకాణం ఉండేది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, ఆ గోడ పక్కన బస్సు కడుక్కున్న పాపానికి వీడు తాగుబోతయ్యాడు. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఇక్కడ కామెర్లు ఒకడికి వస్తే చూపు చెడింది మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళకు.

వాళ్ళలో అక్క కూడా ఉంది. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు కాగితం నింపింది ఆమే. 'అలవాట్లు' అన్న గడిలో 'మద్యం ఉంది' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. కారణం దొరికిపోయిందనుకుని వైరస్ పరీక్ష డాక్టర్లెవరూ రాయలేదు. ఆ సాయంత్రం తమ్ముడు మంచం మీద లేచి కూర్చుని ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "నీ మీద ఒట్టక్కా, చుక్క ముట్టలేదు" అన్నాడు. దొంగ ఒట్టు తనకెక్కడ తగులుతుందోనని ఆమె ఆ చెయ్యి తోసేసింది. నెల తిరక్కుండానే అతను పోయాడు. నాలుగేళ్ళ కూతుర్ని అక్కే పెంచింది. ఆ పిల్ల ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తోంది. తండ్రి మాటెత్తితే "తాగి చచ్చినవాడి గురించి నాకెందుకత్తా" అంటుంది.

దయ్యాలంటే నవ్వే మనిషి మైనం అక్క. అయినా తమ్ముడు పోయిన నాటి నుంచి, పొర తెగేటప్పుడు తను ఊపిరి బిగబడితే, వెనక ఇంకెవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపించేది. నిజం చెప్పాలంటే ఆమెకు భయం వేసేది.

ఆ బ్లాకు కోసిన రోజు ఆ ఊపిరి మరీ దగ్గరగా వినిపించింది. బ్లాకును అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. అందులో ముక్క కందిగింజంత కూడా లేదు. డాక్టరమ్మ రాసిచ్చిన అనుమతి ఉంది కాబట్టి అడుగు పొరతో సహా కోసేసింది. సాయంత్రం పారేయబోతూ వాడిన బ్లేళ్ళు లెక్కపెట్టింది. కోసిన బ్లాకులు ఇరవై నాలుగు, బ్లేళ్ళు ఇరవై మూడు. ఏ బ్లాకు దగ్గర బ్లేడు మార్చలేదో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎవరికీ చెప్పలేదు. ఇంకో బ్లేడు తీసి వాడినవాటిలో కలిపేసింది.

నెలన్నరకు ఫలితాలు వచ్చాయి. ఆ అంకెకు ఎదురుగా 'వైరస్ ఉంది' అని ఉంది. ఇరవై రెండేళ్ళుగా అడగడానికి భయపడ్డ మాట అది. ఇంటికి పరుగెత్తి మేనకోడలికి చెప్పాలనిపించింది. కానీ దానికి ముందు కోసిన బ్లాకులోనూ వైరస్ ఉంది. ఆ బ్లేడు మీది నలుసే తమ్ముడి పొరలో పడి ఉంటే? అప్పుడు ఒక అబద్ధం చెరిపి ఇంకో అబద్ధం రాసినట్టవుతుంది, అది కూడా తన చేత్తోనే. చెబితే ఆ ఫలితమే కొట్టేస్తారేమో. మళ్ళీ కోయడానికి అడుగు పొర కూడా లేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పొద్దున్నే డాక్టరమ్మ గదికి వెళ్ళి, జాబితాలో ఆ అంకె మీద వేలు పెట్టింది.

"అక్కడ బ్లేడు మార్చలేదమ్మా. ఆ బ్లాకు మా తమ్ముడిది" అని రెండూ ఒకేసారి చెప్పేసింది.

డాక్టరమ్మ ఫలితాల కాగితం ముందుకు లాక్కుంది. "ముందే చెప్పాల్సిందక్కా" అంది. "ఏ ఇద్దరి అతుకూ ఒక్కచోటే పడదు. ఈ రెండు బ్లాకుల్లో అతుకులు ఎక్కడున్నాయో పోల్చి చూస్తాను, రెండు వారాలు పడుతుంది. ఒకటే అయితే అది మీ బ్లేడు చేసిన పనే. వేరైతే వైరస్ మీ తమ్ముడిదే."

ఆ రెండు వారాలు వెనకటి ఊపిరి మిషను దగ్గరే ఆగలేదు. వంటగదిలోకి వచ్చింది, బస్సులో పక్క సీట్లో కూర్చుంది.

పిలుపు వచ్చింది. "అతుకులు వేరక్కా" అంది డాక్టరమ్మ. "పక్క బ్లాకు నలుసు కాస్త పడింది నిజమే. ఆ సంగతి రాసి పెడతాను, మీ పేరుతో సహా. కానీ మీ తమ్ముడి గడ్డలో అతుకు మీ తమ్ముడిదే. ఈ వైరస్ చాలామందికి పుట్టుకతో తల్లి నుంచే వస్తుంది. మీరూ, ఆయన కూతురూ రక్తం పరీక్ష చేయించుకోండి."

"మరి తాగుడు?"

"పాత కాగితంలో 'ఉంది' అని రాసుందే."

"అది రాసింది నేను. తెలిసి రాయలేదు, అనుకుని రాశాను."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "తాగుడు కూడా జన్యువుల మీద ఒక రకం గీతలు గీస్తుందక్కా. అవి ఇందులో కనిపించలేదు. అంతమాత్రాన చుక్క ముట్టలేదని నేను ఒట్టేసి చెప్పలేను."

మర్నాడు మేనత్తా మేనకోడలూ రక్తం తీసే గది బయట బల్ల మీద కూర్చున్నారు.

"ఉన్నట్టుండి ఈ పరీక్షలేంటత్తా?"

"మీ నాన్నకు కాలేయంలో వైరస్ ఉండేదట. క్యాన్సరు దానివల్లే అంటున్నారు." మైనం అక్క ఆగింది. "మీ నాన్న తాగలేదే."

"పరీక్షలో తేలిందా?"

"వైరస్ సంగతి తేలింది. తాగలేదని పరీక్ష చెప్పలేదు."

"మరి ఎవరు చెప్పారు?"

"మీ నాన్నే చెప్పాడు. నా తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. నేనే తోసేశాను."

మేనకోడలు చేతిలోని పరీక్ష చీటీ మడతపెట్టింది. "ఇన్నేళ్ళూ నా చేత కూడా తోయించావు కదత్తా" అంది.

నర్సు పిలిస్తే లేచి లోపలికి వెళ్ళింది, వెనక్కి తిరిగి చూడలేదు. మైనం అక్క అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టి కూర్చుంది. పక్కన ఆ రెండో ఊపిరి ఇంకా వినిపిస్తూనే ఉంది.