రత్నం ఆంటీ పెట్టిన కంటి పరీక్ష

మొన్న కంటి డాక్టర్ దగ్గర నర్సు చుక్కలు వేసి, లైటు తీసేసి వెళ్ళింది. మంట తగ్గి చుక్కల చేదు గొంతులోకి దిగేసరికి రత్నం ఆంటీ గుర్తొచ్చారు. ఎనభైల మొదట్లో అమెరికాలో, నేపర్‌విల్‌లో మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. సొంతూరు తెనాలి పక్కన, ఉద్యోగం హాస్పిటల్లో నర్సు, ఆదివారాలు తెలుగు చర్చి. నవ్వకుండా నవ్వించే మనిషి.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నా ఎడమ కంటి చూపు అనుమానంగా ఉందని స్కూల్ నర్సు చీటీ రాసి, ఇంట్లో చూసుకోమని అక్షరాల అట్ట కూడా పంపింది. మా అమ్మ చెవిన టెస్ట్ అన్న మాట పడితే ఇక ఆగేదా! డాక్టర్ల దగ్గరా అదే అట్ట ఉంటుందని ఎవరో చెప్పారట, వారం రోజుల్లో వరుసలన్నీ నాచేత ఎక్కాల్లా బట్టీ పట్టించింది. పిల్ల కన్ను ఏమవుతుందోనన్న భయాన్ని పాపం అలా దాచుకుందని నేనూ తల్లినయ్యాక గాని తెలియలేదు. నాకు మాత్రం అప్పుడు పండగే, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని.

అపాయింట్‌మెంట్ ముందురోజు మధ్యాహ్నం, నాకు భయం పోగొట్టడానికి ఆంటీ కిందికి వచ్చారు. బయట మంచు కురుస్తోంది. కర్టెన్లు వేసి గది చీకటి చేశారు. "రేపు ఇట్టాగే ఉంటదమ్మా, ఏం చెయ్యరు," అంటూ నా కుడికంటి మీద గరిటె అడ్డం పెట్టి పట్టుకోమన్నారు. ఎదురుగోడ దగ్గర అట్ట పెట్టి టార్చి వేశారు. నేను మొదలుపెట్టి చివరి వరుస దాకా చదివేశాను. వంటింట్లోంచి అమ్మ, "చూశారా, అన్నీ కరెక్టే!" అంది.

ఆంటీ అట్ట దగ్గరికి వెళ్ళి వచ్చారు. "మళ్ళీ చదువమ్మా," అన్నారు. చదివాను. "ఇంకోసారి." ఆ గొంతు ఆంటీది కానట్టుంది. టార్చి వెలుగులో నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఇంతలో ఏదో కింద పడ్డ చప్పుడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, గిన్నె నేల మీద దొర్లుతోంది.

"రాధగారూ, అట్ట వెనక్కి తిప్పి అప్పుడే చాలాసేపయింది," అన్నారు ఆంటీ నెమ్మదిగా. "పిల్ల తెల్ల అట్ట చదువుతోంది."

గరిటె తీసి చూశాను. గోడ దగ్గర అట్ట మీద ఒక్క గీత కూడా లేదు. అమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. "నేనే నేర్పానండీ, నేనే," అంటూ నన్ను ఒళ్ళోకి లాక్కుంది. ఆంటీ కర్టెన్లు తీసి, పడ్డ గిన్నె తీసి సింక్‌లో పెట్టారు.

మర్నాడు స్పెషలిస్ట్ దగ్గరికి మమ్మల్ని ఆంటీయే డ్రైవ్ చేసి తీసుకెళ్ళారు. అక్కడ నా నాలుక మీద అక్షరాలు సిద్ధంగానే ఉన్నాయి. అమ్మ వైపు చూశాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. "ఐ కాంట్ సీ," అన్నాను. ఇంకో ఏడాది ఆగి వస్తే ఆ కన్ను దక్కేది కాదన్నాడు డాక్టరు. ఎడమది పనిచేసేలా బాగున్న కుడికంటికి రెండేళ్ళు ప్యాచ్ కట్టి మూశారు, ఎడమకంటికి సగం చూపు వచ్చింది.

ఆ రోజు తిరిగి వస్తుంటే కారులో ఆంటీ అడిగారు: "నిన్న కనపడకుండానే కనపడిందని అబద్ధమెందుకు చెప్పావే?"

"లై కాదు ఆంటీ. రియల్లీ నాకు కనిపించాయి. బ్లాక్ లెటర్స్, అన్నీ."

ఆంటీ కారు పక్కకి తీసి ఆపారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నిన్న నాకు భయమేసింది కూడా అందుకేనమ్మా, నీ గొంతులో ఎక్కడా అబద్ధం లేదు," అన్నారు. "ఇక మీదట ఏదైనా మరీ బాగా కనపడితే, దగ్గరకెళ్ళి చేత్తో తాకి చూడు."

ఆంటీ పోయి చాలా ఏళ్ళయింది. నేనిప్పటికీ తాకి చూస్తాను. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు.